నాలుగో రోజు మామగారు జారిపడిరి

పశుగ్రాస అభివృద్ధి శాఖలో పదహారేళ్లుగా పనిచేస్తున్నాను. ఈ పదహారేళ్లలో ఒక్క వాక్యం కూడా సొంతంగా రాయలేదని గర్వంగా చెప్పుకోగలను. పాత ఫైలు తీయడం, తేదీ మార్చడం, కింద సంతకం పెట్టడం, ఇదే నా ఉద్యోగం. గడ్డి ఎలాగూ తనంతట తనే పెరుగుతుంది. శాఖ కూడా అలాగే నడుస్తోంది.

ఇంత ప్రశాంతమైన శాఖ మీదికి మా డైరెక్టరు గారు ఒక శిక్షణ నుంచి తిరిగొచ్చారు. ఏదో కొండ మీద చల్లటి హోటల్లో మూడు రోజుల పాటు 'మనసు విప్పే శిక్షణ' అట. మనిషి రోజూ తన గురించి తాను నాలుగు ముక్కలు రాసుకుంటే రక్తపోటు తగ్గుతుందనీ, చిరాకు పోతుందనీ, ఫైళ్లు చకచకా కదులుతాయనీ అక్కడ చెప్పారట. ఆయనా రాశారట. రాస్తూ రాస్తూ ఏడ్చారట. కొండ దిగిన మర్నాడే మాకు సర్క్యులర్ వచ్చింది.

"దసరా పండుగను పురస్కరించుకొని ఉద్యోగులందరికీ పది రోజుల సంతోష విరామము మంజూరు చేయడమైనది. సదరు విరామములో ప్రతి ఉద్యోగియు ప్రతి దినమూ శాఖ పోర్టల్‌లో వ్యక్తిగత బ్లాగు రాయవలెను. బ్లాగు హృదయపూర్వకముగా ఉండవలెను. హృదయపూర్వకముగా ఉన్నట్లు గెజిటెడ్ అధికారిచే ధ్రువీకరణ పత్రము జతపరచవలెను. సంతోషించుటలో నిర్లక్ష్యము వహించిన వారిపై క్రమశిక్షణా చర్యలు తీసుకొనబడును. ఈ సంవత్సరపు బదిలీలు బ్లాగు మార్కుల ఆధారముగానే జరుగును."

ఆ ఆఖరి వాక్యం నా గుండెలో గుచ్చుకుంది. నా ఉద్యోగం రాష్ట్రానికి ఉత్తరపు కొసన ఒక జిల్లా కార్యాలయంలో. నా భార్య ఇందుమతి ఉద్యోగం చీరాల చేనేత సొసైటీలో. మధ్యలో ఒక రాత్రంతా రైలు. నాలుగేళ్లుగా మా కాపురం రెండో శనివారాల మీద నడుస్తోంది. బదిలీకి నాలుగుసార్లు అర్జీ పెట్టాను. మొదటిసారి సంతకం లేదని తిప్పి పంపారు. రెండోసారి సంతకం ఉంది గానీ ఉండాల్సిన చోట లేదన్నారు. మూడోసారి ఫైలు పోయింది. నాలుగోసారి పోయిన ఫైలు దొరికింది కాబట్టి, ఒకే పనికి రెండు అర్జీలు ఎందుకు పెట్టావని మెమో ఇచ్చారు.

ఫోనులో ఇందుమతికి సర్క్యులర్ చదివి వినిపించాను.

"ఏమండీ, ఈసారైనా వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టండి. మీ తెలివి మాత్రం వాడబాకండి" అంది.

నా తెలివి నేనెప్పుడు వాడానో నాకు గుర్తు లేదు. అయినా సరేనన్నాను.

ఆఫీసులో మా సూపరింటెండెంటు గంటి కామేశం గారు అందరినీ కూర్చోబెట్టి సర్క్యులర్ మీద చర్చ పెట్టారు. ఆయనది ముప్పై నాలుగేళ్ల సర్వీసు. ఏ కాగితంలో ఏ గొయ్యి ఉందో వాసన చూసి చెప్పగలరు.

"వ్యక్తిగతము అన్నారు. ఎవరి వ్యక్తిగతమో చెప్పలేదు. ఉద్యోగిదా? శాఖదా? రేపు ఆడిట్ వాళ్లడిగితే ఏం చెబుతాం? స్పష్టత కోరుతూ రాద్దాం" అన్నారు.

రాశాం. అన్ని జిల్లాల వాళ్లూ రాశారట. నాలుగు రోజుల్లో పైనుంచి 'నమూనా బ్లాగు' దిగింది. పది రోజులకు పది పేరాలు. కింద డైరెక్టరు గారి సంతకం. మొదటి దినమున అత్తవారింటికి ప్రయాణమైతిమి. రెండవ దినమున అత్తగారు గారెలు వండిరి, అవి రుచికరముగా ఉండెను. మూడవ దినమున కుటుంబ సమేతముగా ప్రకృతిని వీక్షించితిమి. ఇక నాలుగో రోజు ఇలా ఉంది:

"నేటి ఉదయము ఏడు గంటల నలుబది నిమిషములకు మా మామగారు తలంటుకొని వచ్చుచూ కుంకుడు నురగ మీద కాలు జారి పడిరి. అందరము కడుపుబ్బ నవ్వుకొంటిమి."

పదో రోజు దగ్గర మాత్రం ఒకటే వాక్యం: "ఉద్యోగి తన సొంత మాటలలో రాయవలెను."

అన్నిటికీ అడుగున చిన్న అక్షరాలతో, 'స్థానిక పరిస్థితులను బట్టి మార్చుకొనవచ్చును' అని ఉంది. టైపిస్టు ఫిలోమినా గారు అది చూసి సంబరపడింది.

"సార్, నాకు పెళ్లే కాలేదు గదా. మామగారి ముక్క తీసేస్తాను."

కామేశం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అమ్మాయ్, మార్చుకోవచ్చు అన్నది మనం మార్చడానికి కాదు. మార్చేవాడు ఎవడో వాళ్లు కనిపెట్టడానికి. అప్పలస్వామి గుర్తున్నాడా? నమూనాలో ఆవు అని ఉంటే, వాళ్ల ఊళ్లో ఉన్నవి గేదెలని గేదె అని రాశాడు. తొమ్మిదేళ్లయింది. ఇప్పటికీ అడవిలో చెక్‌పోస్టు దగ్గర దోమలు తోలుకుంటున్నాడు."

ఫిలోమినా గారు నమూనాకి ఇంకో రెండు కాపీలు తీసుకుంది.

నాలుగో రోజు పొద్దున నేను చీరాలలో మా మామగారి ఇంటి వరండాలో కూర్చుని నమూనా చూసి ఫోనులో ఎక్కిస్తున్నాను. ఎదురుగా ఆ మామగారే పేపరు చదువుతున్నారు. పేరు సజ్జా వీరరాఘవులు. ముప్పై ఒక్క ఏళ్లు ఆర్టీసీ డ్రైవరు. హాల్లో గోడ మీద అద్దాల పటంలో 'ప్రమాదరహిత సేవ' ప్రశంసాపత్రం వేలాడుతూ ఉంటుంది. ఇంటికి ఎవరొచ్చినా ముందు ఆ పటం చూపించి, ఆ తర్వాతే మంచినీళ్లు ఇప్పిస్తారు. వంటింట్లోంచి హాల్లోకి రావాలన్నా మలుపు దగ్గర ఒకసారి దగ్గి గానీ రారు. అంతటి మనిషి స్టూలు మీద నిటారుగా కూర్చుని ఉండగా, ఆయన పడిపోయారనీ, మేం కడుపుబ్బ నవ్వామనీ రాసి బటన్ నొక్కాను. 'మీ సంతోషము నమోదైనది' అని పోర్టల్ జవాబిచ్చింది.

ఆయన పేపరు దించి చూశారు. "ఏంది అల్లుడూ, పొద్దున్నే రాతకోతలు?"

"ఆఫీసు పని మావయ్యా."

ఐదో రోజున రాష్ట్ర కార్యాలయంలో లెక్కలు తీశారు. శాఖలో ఉద్యోగులు పద్నాలుగు వందల పన్నెండు మంది. వారిలో నాలుగో రోజు ఉదయం ఏడూ నలభైకి మామగారు జారిపడినవారు పద్నాలుగు వందల ఒక్కరు. ఫిలోమినా గారికి లేని మామగారూ పడ్డారు. కామేశం గారి మామగారు పోయి పదకొండేళ్లయింది. కామేశం గారు నిజాయితీపరుడు కాబట్టి, 'కీర్తిశేషులైన' అన్న మాట చేర్చి మరీ పడేశారు. తక్కిన పదకొండు మందీ ఒకే జిల్లావాళ్లు. అక్కడ ఆ వారమంతా ఇంటర్నెట్ లేదు. ఆ జిల్లాను 'పతన రహిత జిల్లా'గా ప్రకటించి, అధికారికి శాలువా కప్పారు.

పదో రోజు సంగతి అప్పటికి ఇంకా రాలేదు గానీ, అదీ చెప్పేస్తాను. మేమందరం పదో రోజు, 'ఉద్యోగి తన సొంత మాటలలో రాయవలెను' అనే రాశాం. అచ్చుతప్పు లేకుండా రాశాం.

డైరెక్టరు గారు హడలిపోయి అధికారులందరితో వీడియో సమావేశం పెట్టారు. "శాఖ చరిత్రలో ఇంతమంది మామగార్లు ఒకేసారి పడలేదు! ఇది గ్రహస్థితా? కుట్రా? కుంకుడుకాయల్లో కల్తీనా? నాకు తెలియాలి!" అని బల్ల గుద్దారట.

నమూనా రాసింది ఆయన పి.ఏ. దాని కింద సంతకం ఈయనది. సంతకం పెట్టిన కాగితం చదివారా సార్ అని డైరెక్టరు గారిని అడిగే మగవాడు ఆ తెర మీద లేడు. ఆడది కూడా లేదు. అందరూ గ్రహస్థితి వైపే మొగ్గారు. అయినా ముందుజాగ్రత్తగా 'మామగార్ల పతన పరిశీలనా సంఘం' వేశారు. సాయంత్రానికి రెండు ఉత్తర్వులు వచ్చాయి. తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు ఉద్యోగుల మామగార్లెవరూ పైఅధికారి అనుమతి లేకుండా తలంటుకొనరాదు అని ఒకటి. వృద్ధులు పడినప్పుడు కడుపుబ్బ నవ్వినందుకు సంజాయిషీ ఇవ్వవలెనని మా అందరికీ మెమో రెండోది.

పరిశీలనా సంఘం ఏడో రోజు చీరాల వస్తున్నట్టు కబురొచ్చింది. పడిన మామగారిని చూసి, కొలతలు తీసుకుని, బ్లాగు నిజమో అబద్ధమో తేలుస్తారట. అబద్ధమని తేలితే బదిలీ అర్జీ శాశ్వతంగా రద్దు.

ఇక దాచి లాభం లేక మామగారికి చెప్పాను. ఆయన నెమ్మదిగా లేచి నిలబడ్డారు.

"నేను పడ్డానని రాశావా?"

"నేను రాయలేదు మావయ్యా. నమూనాలో ఉంది."

"శ్రీశైలం ఘాట్ రోడ్డులో అర్ధరాత్రి వానలో బండి నడిపినోణ్ణి. ముప్పై ఒక్క ఏళ్లల్లో నా బండికి గీత పడలా. కోడిపిల్ల కూడా చక్రం కింద పళ్ళా. అట్టాంటోణ్ణి నా ఇంట్లో, నా బాత్రూమ్ ముందర, కుంకుడు నురగ మీద పడేస్తావా?"

ఇందుమతి ఆయన చెయ్యి పట్టుకుంది. "నాన్నా, ఈ ఒక్కసారికీ పడు నాన్నా."

"పడను."

"ఊరికే పడ్డానని అంటే చాలు. పడక్కర్లా."

"అనటం ఇంకా తప్పు. ప్రాణం పోయినా అనను" అని లోపలికి వెళ్లి తలుపేసుకున్నారు. వెళ్లేముందు మలుపు దగ్గర దగ్గారు. ఆ పూట నాకు ఆయన పరువు తీశానన్న సిగ్గు ఒకవైపు, ఇంకెన్నాళ్లు రెండో శనివారాలు అన్న దిగులు ఇంకోవైపు.

మర్నాడు పొద్దున కారు దిగినాయన డిప్యూటీ డైరెక్టరు సర్వోత్తమరావు గారు. వెంట టేపు పట్టుకున్న ఒక ఇంజినీరు. మామగారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పటం కింద కుర్చీలో కూర్చున్నారు.

"పతనమునకు గురైనది తమరేనా?" అన్నారు సర్వోత్తమరావు గారు.

మామగారు తల మీది పటం కేసి వేలు చూపించారు. ఇంజినీరు బాత్రూమ్ గడప నుంచి వరండా దాకా టేపు లాగాడు. "పతన స్థలము పదకొండు అడుగులు సార్. వాలు ఉత్తరానికి ఉంది."

"నవ్వినవారి సంఖ్య?"

"ఇద్దరం సార్" అన్నాను.

"కడుపుబ్బనా, సాధారణముగానా?"

"బ్లాగు ప్రకారం కడుపుబ్బ సార్."

ఆయన రాసుకుని మళ్లీ మామగారి వైపు తిరిగారు. "పెద్దాయనా, మీ అల్లుడు రాసినట్లు మీరు పడినారా, పడలేదా? పడినచో అవును అనుడు. పడనిచో బ్లాగు అసత్యము. ఆ పక్షమున ఇతని బదిలీ ఇక జరగదు. నిబంధన అది."

మామగారు గోడ మీది పటం కేసి చూశారు. తలుపు పక్కన కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డ కూతురి కేసి చూశారు. తర్వాత గొంతు సవరించుకున్నారు.

"యాక్సిడెంటు జరిగిన మాట నిజం" అన్నారు. "రాసుకోండి. కానీ తప్పు నాది కాదు. నేను నా సైడులో, నిదానంగా, హారన్ కొట్టుకుంటా వస్తన్నా. కుంకుడు నురగే రాంగ్ సైడులో వచ్చింది."

సర్వోత్తమరావు గారు 'నురగ రాంగ్ సైడు' అని రాసుకున్నారు. ఇంజినీరు నురగ వచ్చిన దిక్కును బాణం గుర్తుతో గీసుకున్నాడు. మామగారు సంతకం పెట్టి, వాళ్లు వెళ్లిపోయాక కుర్చీ వేసుకుని ఆ పటం దించారు. నేను కాళ్ల మీద పడబోతే, "లేవయ్యా, నువ్వు గూడా పడతావేంది" అన్నారు. ఆ పటాన్ని పాత చీరలో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టేశారు. మంచినీళ్లు ఇచ్చేటప్పుడు వచ్చినవాళ్లకు చూపించడానికి ఆ రోజు నుంచి ఆయన దగ్గర ఏమీ లేదు.

జనవరిలో బదిలీలు వచ్చాయి. "పతనమునకు గురైన మామగార్ల సంరక్షణ ఆయా ఉద్యోగుల బాధ్యత అయినందున, ఉద్యోగులందరినీ వారి వారి మామగార్లు నివసించు ఊళ్లకు బదిలీ చేయడమైనది. మామగారు కోలుకొన్నట్లు బ్లాగులో నమోదైన యెడల బదిలీ రద్దగును." శాఖ మొత్తం అత్తవారిళ్లకు తరలిపోయింది. చీరాలలో మాకు ఆఫీసు లేదు, గడ్డి కూడా లేదు. అందుకని మామగారి వరండానే ఉప కార్యాలయం చేశారు. ఫిలోమినా గారిని మాత్రం మామగారు లభించు వరకు ఉన్నచోటనే ఉండమన్నారు. కామేశం గారి మామగారి ఫోటో ఆయన ఇంటి హాల్లోనే ఉంది కాబట్టి, ఆయన్ని ఆఫీసు నుంచి ఇంటికి బదిలీ చేశారు. ఫోటో మళ్లీ జారకుండా మేకు బిగించమని ఇంజినీరు సిఫారసు చేశాడు.

మూడు నెలలకోసారి తనిఖీ. సర్వోత్తమరావు గారు వచ్చేసరికి మామగారు చేతికర్ర పట్టుకుని కుంటాలి. మొదటిసారి కుడికాలు కుంటారు. రెండోసారి మరిచిపోయి ఎడమకాలు కుంటారు. 'రుగ్మత రెండవ కాలికి వ్యాపించినది' అని రాసుకుని, సానుభూతి తెలిపి వెళ్లారు. నేను మాత్రం రోజూ సాయంత్రం ఇందుమతిని సొసైటీ నుంచి వెంటపెట్టుకుని ఇంటికి తీసుకొచ్చేవాణ్ణి. దారిలో బజ్జీలు కొనుక్కునేవాళ్లం. పెళ్లయిన ఐదేళ్లకు ఆ భాగ్యం దక్కింది.

మళ్లీ దసరా వచ్చింది. మళ్లీ సంతోష విరామం, మళ్లీ నమూనా బ్లాగు. పి.ఏ. మారాడట. కొత్త పి.ఏ. మంచి మనసున్నవాడు. నాలుగో రోజు దగ్గర ఇలా రాశాడు:

"దేవుని దయ వలన మా మామగారు పూర్తిగా కోలుకొని, కర్ర లేకుండా నడచిరి. అందరము ఆనందబాష్పములు రాల్చితిమి."

కామేశం గారి నుంచి ఫోన్. "శేషగిరీ, చూశావా? కోలుకున్నారని రాస్తే బదిలీలన్నీ పోతాయి. రాయకపోతే నమూనా మార్చినట్టు. అయినా మా మామగారు కోలుకోవడమేమిటయ్యా, పోయి పన్నెండేళ్లయితే!"

"మీరేం రాశారు సార్?"

"ఏం రాస్తాను? కీర్తిశేషులైన మామగారు కోలుకున్నారని రాశాను. చేతులు ఊరుకుంటాయా?"

నా చేతులూ ఊరుకోలేదు. అప్పలస్వామి, గేదె, దోమలు కళ్ల ముందు మెదిలాయి. ఉన్నది ఉన్నట్టు ఎక్కించేశాను. 'మీ సంతోషము నమోదైనది' అంది పోర్టల్. ఎనిమిదో రోజున ఉత్తర్వు వచ్చింది: విరామం ముగిసిన మర్నాడు అందరూ పాత స్థానాలలో చేరవలెను. ఇందుమతి నాతో మాట్లాడటం మానేసింది. నా పెట్టె సర్దటం మొదలుపెట్టింది.

ఈ సంగతేదీ తెలియని మామగారు సంబరంలో ఉన్నారు. రికార్డు ప్రకారం కోలుకున్నారుగా. కర్ర అటక మీదికి విసిరేశారు. పదో రోజు పొద్దున ట్రంకుపెట్టె తెరిచి, పటం తీసి, అద్దం తుడిచి, సుత్తి కోసం వెతుకుతూ మా గదిలోకి వచ్చారు. సర్దిన పెట్టె చూశారు. కూతురి ముఖం చూశారు. సంగతి అడిగి తెలుసుకుని, పటాన్ని మంచం మీద బోర్లించి, వరండాలోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నారు.

"ఇయ్యాల ఏం రాయాల?"

"ఉద్యోగి తన సొంత మాటలలో రాయవలెను అని రాయాలి మావయ్యా."

"అంటే?"

"అదే. ఆ ముక్కే రాయాలి. పోయినేడూ అదే రాశాం."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "ఓరి నీ బండబడ, అది రాయమని చెప్పిన మాటయ్యా! రాయాల్సిన మాట కాదు. బోర్డు మీద 'నిదానంగా పొమ్ము' అని ఉంటే, బండాపుకుని ఆ బోర్డు చదూతా కూర్చుంటావా?"

పదహారేళ్లు, ఇప్పుడు పదిహేడు, నాకు ఈ సంగతి తట్టలేదు. అక్కడ నిజంగానే ఖాళీ ఉంది. అందులో ఏం రాసినా నమూనా మార్చినట్టు కాదు.

"నాకు సొంత మాటలు రావు మావయ్యా" అన్నాను.

"నేను చెబతా, రాసుకో. మా మామగారు మళ్లా పడ్డారు."

ఇందుమతి తలుపు దగ్గరికి వచ్చింది. "వద్దు నాన్నా. నీ పటం..."

"ఒకసారి కేసు రాసినాక ఇంక రికార్డుదేముంది లేమ్మా. రాయి అల్లుడూ. ఈసారి రెండు కాళ్లూ పోయినయ్యి. ఎవ్వరం నవ్వలేదని గూడా రాయి. పోయినసారి నవ్వినందుకు మెమో ఇచ్చారుగా."

'ఎవ్వరం నవ్వలేదు' అని రాస్తుంటే ముందు ఇందుమతికి నవ్వొచ్చింది. రెండు రోజుల తర్వాత ఆ నవ్వు వినేసరికి నాకూ ఆగలేదు. మమ్మల్ని చూసి మామగారు మొదలుపెట్టారు. నవ్వుతూ నవ్వుతూ వెనక్కి వాలారు. స్టూలు కూడా ఆయనతోనే వాలింది. ధబ్బుమని చప్పుడైంది. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు, ఆ పైన తొమ్మిదేళ్ల రిటైర్మెంటు తర్వాత సజ్జా వీరరాఘవులు గారు నిజంగా పడ్డారు.

ఇద్దరం పరుగెత్తాం. ఆయన నేల మీద వెల్లకిలా పడుకునే చెయ్యెత్తి మమ్మల్ని ఆపారు.

"ఇది లెక్కలోకి రాదు. బండి ఆగి ఉంది."

బటన్ నొక్కాను. మా సంతోషం నమోదైంది. నేను రైలెక్కకముందే, 'పునఃపతనము దృష్ట్యా సదరు ఉద్యోగిని చీరాలలోనే కొనసాగించడమైనది' అని ఉత్తర్వు వచ్చింది. ఆ సాయంత్రం మామగారు పటాన్ని తిరిగి గోడకు తగిలించారు. ఆగి ఉన్న బండికి యాక్సిడెంటు ఉండదు, పోయినేటిది నురగ తప్పు, కాబట్టి రికార్డు చెక్కుచెదరలేదని తేల్చుకున్నారు. కుర్చీ ఎక్కేముందు మాత్రం నా చేతిలో ఫోను లాక్కుని తన జేబులో వేసుకున్నారు.